తేనె పూసిన కత్తి

కర్మములు ఎనిమిది. అందు జ్ఞానావరణీయమునకు కంటికి కట్టిన గుడ్డను, దర్శనావరణీయమునకు రాజదర్శనము కానీయని ద్వారపాలకుని, మోహనీయమునకు మద్యమును ఉపమానములుగా చెప్పిన మన పూర్వాచార్యులు, మూడవదియైన వేదనీయ కర్మమునకు తేనె పూసిన కత్తిని చెప్పిరి. కత్తి అంచున తేనెను నాకునప్పుడు కలుగు తీపి సాతా వేదనీయము. ఆ నాకుటలోనే నాలుక తెగుట అసాతా వేదనీయము. ఈ ఉపమానమును పాఠశాలలో బాలబాలికలు కంఠస్థము చేసి బహుమానములు పొందుదురు. పెద్దలు మరచిపోవుదురు. నడివయస్సున ఒకనాడు ల్యాబొరేటరీ నుండి వచ్చిన చిన్న కాగితము మీద చక్కెర ఎక్కువగా నున్నదని వ్రాసియున్నప్పుడు ఆ కత్తి మరల జ్ఞప్తికి వచ్చును. తేనెను మహావిగయిగా నెంచి ముట్టని కుటుంబములకు సైతము ఈ తేనె తప్పుట లేదు.

ఈ ఉపమానములో ఒక సూక్ష్మము కలదు. నాలుక తెగిన వెంటనే నొప్పి తెలియును గాని, కర్మము కట్టుకొనిన వెంటనే ఫలమీయదు. బంధమునకును ఉదయమునకును నడుమ కొంతకాలము అది పలుకక పడియుండును. దీనినే అబాధాకాలమందురు. వర్తకులకు ఇది తెలియని సంగతి కాదు. ప్రోనోటు వ్రాసి యిచ్చిన నాడు చేతికి రొక్కము వచ్చును, సంతోషముగా నుండును. గడువు తీరు వరకు అప్పులవాడు గుమ్మము తొక్కడు. గడువు నాడు వచ్చి కూర్చుండినప్పుడు, "ఇతడెక్కడి నుండి ఊడిపడినాడు?" అని యడుగుటలో అర్థము లేదు. కాగితము మీద సంతకము మనదే.

మధుమేహము కూడ సరిగా ఇట్లే వచ్చును. రెండవ రకము మధుమేహములో, అనగా పెద్దవారికి సామాన్యముగా వచ్చు రకములో, క్లోమగ్రంథి ఇన్సులిన్ అను రసమును తయారు చేయుచునే యుండును, కాని శరీరము దాని మాటను సరిగా వినదు. గ్రంథి ఇంకను ఎక్కువ శ్రమపడి ఎక్కువ రసమును పంపును. కొన్ని సంవత్సరములు ఈ విధముగా లెక్క సరిపోవుచుండును. తరువాత గ్రంథి అలసిపోవును, రక్తములో చక్కెర పెరుగును. ఇంతవరకు రోగికి నొప్పి లేదు, జ్వరము లేదు, కొట్టు మూసిన దినము లేదు. దప్పిక, మాటిమాటికి మూత్రమునకు లేచుట, కారణము లేకయే నీరసము కలిగి వైద్యుని వద్దకు పోవునాటికి రోగము పుట్టి కొన్ని ఏండ్లు గడచియుండవచ్చును. అందుచేతనే ఈ రోగము బయటపడిన దినముననే కన్నులను కూడ పరీక్ష చేయించవలెనని వైద్యులు పట్టుపట్టుదురు. మన దేశములో ఈ అప్పు ఎంతమందికి గడువు తీరినదో చూడుడు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో రాష్ట్రములన్నిట జరిగి 2023లో ప్రచురింపబడిన సర్వే ప్రకారము 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద నున్నారు.

చంద్రపూరు జిల్లాలోని మాజ్రిని తీసికొందము. వర్ధా నుండి బల్లార్షాకు పోవు రైలు మార్గములో అదియొక జంక్షను. వణి వైపునకు మార్గము అక్కడనే చీలును. 1973లో బొగ్గుగనులు జాతీయమైన పిదప 1975లో ఏర్పడిన వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వారి గనులు అక్కడ కలవు. గనులను నమ్ముకొని తెలుగువారు, మరాఠీవారు, హిందీవారు కలసి బ్రతుకు చోటు. గనిలో పని మూడు షిఫ్టులు. కొట్లలో పని ఒకటే షిఫ్టు గాని అది తెల్లవారు మొదలు రాత్రి వరకు గల్లా పెట్టె ముందు కదలక కూర్చుండు షిఫ్టు. మాజ్రికి ప్రక్క స్టేషనైన భాందక్ వద్దనే, భద్రావతిలో, స్వప్నదేవుడని పేరొందిన కేసరియా పార్శ్వనాథ స్వామి తీర్థమున్నది. కావున అక్కడి శ్రావకునకు తీర్థయాత్ర పొరుగూరి ప్రయాణము.

అట్టి ఊరిలో ఏబది యేండ్లు దాటిన యొక గృహస్థునకు పరగడుపు రక్తపరీక్షలో 148 వచ్చినదనుకొందము. పరగడుపున నూరు లోపల నున్న మంచిది. 100 మొదలు 125 వరకు గడప మీది స్థితి. 126 గాని అంతకు మించి గాని యున్న మధుమేహము. అయినను, లక్షణములు స్పష్టముగా లేనప్పుడు, ఒక్క పరీక్షతో వైద్యుడు తీర్పు చెప్పడు. మరియొక పరీక్ష చేయించుమనును. రెండు దినములలో రిపోర్టు వచ్చుననును. ఆ రెండు దినములను గూర్చియే ఈ ప్రసంగములో ముఖ్యముగా చెప్పవలసియున్నది. ఏలన, రోగము శరీరమునకు సంబంధించినది, నిరీక్షణ ఆత్మకు సంబంధించినది.

తత్త్వార్థ సూత్రము తొమ్మిదవ అధ్యాయములో ఆర్తధ్యానము నాలుగు విధములుగా చెప్పబడినది. ఇష్టము లేనిది వచ్చి తగులుకొనగా అది పోవలెనని తపించుట ఒకటి, ఇష్టమైనది పోగా అది కావలెనని తపించుట మరియొకటి, వేదన కలిగినప్పుడు, అనగా రోగము వచ్చినప్పుడు, ఎడతెగక దానినే చింతించుట ఇంకొకటి, ఫలమును కోరి ధర్మమును తాకట్టు పెట్టు నిదానము నాలుగవది. ఆ గృహస్థుడు ఈ రెండు దినములలో నాలుగింటిని చుట్టివచ్చును. పరిచయస్థులలో ఎవరికి కాలు తీసివేసిరో, ఎవరికి చూపు పోయెనో, ఎవరు వారమునకు రెండుసార్లు డయాలిసిస్‌కు నాగపూరు పోవుచున్నారో ఆ జాబితా యంతయు రాత్రి రెండు గంటలకు మనస్సులో తిరుగును. ఇంకను తినని మిఠాయిలన్నియు తినిపోయినవానివలె జ్ఞాపకము వచ్చును. తెల్లవారిన వెంటనే భద్రావతికి పోయి, "స్వామీ, రిపోర్టు మంచిగా వచ్చెనా, ఇంత కేసరము, ఇంత ఆంగీ" యని మ్రొక్కుకొనవలెననిపించును. భక్తి తప్పు కాదు, పూజ తప్పు కాదు. కాని వీతరాగునితో బేరమేమి? రాగము లేనివాడు లంచము పుచ్చుకొనడు, ద్వేషము లేనివాడు రోగమును పంపడు. బేరము కొట్టులో శోభించును.

మరికొందరు వేరొక తెలివి చేయుదురు. రెండవ పరీక్షకు ముందు రెండు పూటలు కడుపు మాడ్చుకొని, చక్కెర మాని, అంకె తగ్గునట్లు చూతురు. సేల్స్‌టాక్సు ఇన్‌స్పెక్టరు వచ్చునని తెలిసి ముందు రాత్రి చిట్టా తిరుగవ్రాసినవాని తెలివి యిది. పరగడుపు పరీక్షలో ఇది కొంత చెల్లిన చెల్లవచ్చును గాని ఏ1సి అను పరీక్షలో చెల్లదు. ఎర్రరక్తకణము సుమారు 120 దినములు బ్రతుకును. అన్ని దినములు అది చక్కెర నడుమ తిరుగుచు కొంత చక్కెరను తనకు అంటించుకొనును. ఎంత అంటినదో లెక్కించి గడచిన మూడు నెలల సరాసరిని చెప్పునదే ఏ1సి. పరగడుపు అంకె ఒకనాటి గల్లా, ఏ1సి మూడు నెలల ఆవర్జా. 5.7 శాతము లోపల నుండవలెను. 6.5 శాతము మొదలుకొని మధుమేహము. కర్మ పుద్గలములు ఆత్మకు అంటుటను బాలురకు బోధించు పండితులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఎవరును చూడనప్పుడు తిన్నది కూడ ఇందులో అంటియే యుండును.

అట్లైన ఆ రెండు దినములు ఏమి చేయవలెను? సామాయికము చేయవలెను. ఒక సామాయికము 48 నిమిషములు. రెండు రోజుల భయమును ఒక్కసారి జయించుట ఎవరివల్లను కాదు. 48 నిమిషములు మాత్రము సమభావముతో కూర్చుండెదనని సంకల్పించుట ఎవరికైనను సాధ్యము. అందు అన్యత్వ భావనను తలపవలెను. శరీరము వేరు, తెలిసికొను ఆత్మ వేరు. రక్తములోని చక్కెరకు అంకె కలదు, దానిని తెలిసికొను చైతన్యమునకు అంకె లేదు. మనస్సు మరల మరల ల్యాబు వైపు పరుగెత్తును. పరుగెత్తనిండు, మరల తీసికొని రండు. ఈ తీసికొని వచ్చుటయే సామాయికమునందలి పని. ఉదయించిన కర్మము అనుభవింపక తప్పదు గాని, అనుభవించునప్పుడు భయముతో క్రొత్త కర్మము కట్టుకొనవలెనని నియమము లేదు. పాత అప్పు తీర్చుచు క్రొత్త నోటు వ్రాయు వ్యాపారి ఎన్నటికి బయటపడును?

మూడవనాడు రిపోర్టు వచ్చినది. 7.9 శాతము. ఇక సందేహము లేదు. వైద్యుడు మాత్ర వ్రాసి, నడవుమని, ఆహారము మార్చుమని చెప్పినాడు. ఆ గృహస్థుడు కాగితమును మడచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చి, "ఏమియు లేదు, కొంచెము నీరసమట" అని భార్యతో చెప్పును. ఇది చాల ఇండ్లలో జరుగుచున్న సంగతి. పిల్లల పెండ్లి సంబంధములకు అడ్డమగునని భయము, బజారులో పేరు చెడునని భయము. మాజ్రికి కొలది దూరములోనే వరోరా కలదు. బాబా ఆమ్టే గారు 1949లో కుష్ఠు రోగులకై అక్కడ ఆనందవనమును స్థాపించిరి. రోగమును దాచుకొనవలసివచ్చిన మనుష్యులు అక్కడ పంటలు పండించి, నేత నేసి తలయెత్తి బ్రతికిరి. అంతటి రోగమునకే దాపరికము అక్కరలేదని నిరూపించిన గడ్డ మీద నుండి చక్కెర రోగమును జేబులో దాచుకొనుట విచిత్రము. పైగా దాచుట మాయ. ఇంట వంట చేయు ఇల్లాలికి తెలియనిదే పథ్యమెట్లు నడచును? ఆమె ప్రేమతో వడ్డించిన బాసుంది ఆమెకు తెలియకయే విషమగును. ఆ పాపములో ఆమెను భాగస్వామిని చేయుట న్యాయము కాదు.

సనత్కుమార చక్రవర్తి కథను ఇక్కడ స్మరించుట యుక్తము. పన్నిద్దరు చక్రవర్తులలో ఆయన నాలుగవవాడు. ఆయన సౌందర్యమును ఇంద్రుడు సభలో కొనియాడగా, నమ్మని దేవతలిద్దరు ముదుసలి బ్రాహ్మణుల వేషమున చూడవచ్చిరి. అప్పుడు చక్రవర్తి స్నానమునకై నూనె రాచుకొని కూర్చుండియున్నాడు. ఆభరణము లేకున్నను ఆ రూపము విన్నదానికంటె మిన్నగా నుండెను. వారు ఆశ్చర్యపడగా చక్రవర్తికి గర్వము కలిగి, "ఇదియేమి చూచితిరి? సింహాసనము మీద అలంకరించుకొని కూర్చుండినప్పుడు రండు" అనెను. వారు సభకు వచ్చి చూచి, సంతోషింపక తలలు పంకించిరి. "అప్పటి శరీరము అమృతతుల్యము, ఇప్పటిది రోగములపాలైనది. నమ్మకమున్న లేకున్న తాంబూలమును ఉమిసి చూడుము" అనిరి. ఉమిసిన తాంబూలము మీద వ్రాలిన ఈగలు చచ్చిపడినవని పెద్దలు చెప్పుదురు. పైకి అందము, సింహాసనము, కిరీటము. లోపల రోగము. ఇది చక్రవర్తికి జరిగిన ల్యాబు పరీక్ష గాక మరేమి? మన ప్రాచీన వైద్యులు కూడ మధుమేహి మూత్రమునకు చీమలు పట్టుటను గుర్తించియే ఆ రోగమునకు మధువు పేరు పెట్టిరి. అక్కడ ఈగ, ఇక్కడ చీమ. మానవుని గర్వమును దించుటకు వైద్యశాస్త్రము అంతకంటె పెద్ద సాక్షిని పిలువలేదు.

చక్రవర్తి ఆ క్షణముననే రాజ్యము విడిచి దీక్ష గైకొనెను. పదునారు మహారోగములను ఏడువందల ఏండ్లు సమభావముతో సహించెను. దేవతలే మరల వైద్యుల వేషమున వచ్చి చికిత్స చేసెదమనగా, "దేహరోగమును పోగొట్టు శక్తి నా ఉమ్మిలోనే కలదు. కర్మరోగమును పోగొట్టగలరా?" అని యడిగి, వ్రేలికి ఉమ్మి తాకించి ఆ వ్రేలు బంగారువలె మెరయుట చూపెను. వారు నమస్కరించి వెడలిరి. ఇరువదిరెండు పరీషహములలో రోగపరీషహమును జయించినవారిని తలచునప్పుడు ఈయన పేరే ముందు వచ్చును.

ఇంతవరకు కథ విన్నవారిలో కొందరు మరునాడు మాత్రలు పారవేయుదురు. అది ప్రమాదము. సనత్కుమార ముని చికిత్సను త్రోసిపుచ్చుటకు ముందు ఆరు ఖండముల భూమిని త్రోసిపుచ్చెను. కొట్టు, ఇల్లు, వడ్డీ, భోజనము దేనిని విడువక మాత్రను మాత్రము విడుచుట వైరాగ్యము కాదు, బద్ధకము. మునియైనను ఔషధము పుచ్చుకొనరాదని లేదు. భగవంతుడైన మహావీరుడే పుచ్చుకొనెనని శ్వేతాంబర ఆగమమైన భగవతీ సూత్రము చెప్పుచున్నది. గోశాలకుడు తేజోలేశ్యను విడిచిన పిదప స్వామి శరీరమున పిత్తజ్వరము, రక్తపు విరేచనములు కలిగినవి. సింహుడను శిష్యుడు అడవిలో కూర్చుండి వెక్కివెక్కి యేడ్చెను. స్వామి అతనిని పిలిపించి, రేవతి అను శ్రావిక ఇంటికి పోయి ఔషధము తెమ్మనెను. అయితే తనకొరకే ప్రత్యేకముగా వండినది తేవలదనియు, ఆమె ఇంటి అవసరమునకు చేసియుంచినది తెమ్మనియు చెప్పెను. అది మాదీఫలపు పాకమని మన సంప్రదాయము. స్వామి దానిని స్వాదము నెంచక పుచ్చుకొనెను, రోగము శమించెను. తీర్థంకరుడు ఔషధమును నిరాకరింపలేదు. నియమమును విడువలేదు. రేవతి ఆ దానముచే తీర్థంకర నామకర్మమును కట్టుకొనెను. కావున వేళకు మాత్ర, మంచినీళ్ళు తెచ్చి యిచ్చు కోడలి పని చిన్న పని యని యెవరును తలపరాదు.

"ఉదయించిన కర్మము కదా, వైద్యము చేసిన నేమి ప్రయోజనము?" అను ప్రశ్న కూడ కలదు. నికాచితమైన కర్మము తప్ప తక్కిన కర్మముల స్థితియు, తీవ్రతయు పురుషార్థముచే తగ్గింపవచ్చునని కర్మగ్రంథములే చెప్పుచున్నవి. దానికి అపవర్తన మని పేరు. ఏది నికాచితమో మనకు తెలియదు. తెలియనప్పుడు ప్రయత్నించుటయే ధర్మము. ఇంగ్లండులో 1977లో ప్రారంభమై 1998లో ఫలితములు వెలువడిన యొక పరిశోధనలో అప్పుడే మధుమేహము బయటపడిన 3,867 మందిని సుమారు పదియేండ్లు గమనించిరి. మొదటినుండియు చక్కెరను గట్టిగా అదుపులో నుంచినవారికి కన్ను, మూత్రపిండములు మొదలగు వాని సూక్ష్మనాళములకు కలుగు కీడు నాలుగవ వంతు తగ్గెను. వారిలో ఈ రెండు వర్గముల ఏ1సికి భేదము 7.0కును 7.9కును నడుమ నున్న కొద్దిపాటి భేదమే. వర్తకునకు నూటికి ఒక రూపాయి వడ్డీ భేదము పదియేండ్లలో ఏమగునో చెప్పనక్కరలేదు.

ఇక ఆహారము. ఈ విషయములో జైనునకు గల సౌకర్యము మరియొకరికి లేదు. బాహ్యతపస్సులు ఆరింటిలో ఊనోదరి, అనగా ఆకలికి కొంచెము తక్కువ తినుట, వృత్తిసంక్షేపము, అనగా పదార్థముల లెక్కను తగ్గించుకొనుట, రసత్యాగము, అనగా విగయిలను విడుచుట, ఈ మూడును వైద్యుడు వ్రాసియిచ్చు చీటీలో వేరొక పేరుతో కనబడును. అయినను మన ఇండ్లలో మధుమేహము తక్కువగా లేదు. కారణము రహస్యము కాదు. కందమూలములు విడిచినాము గాని జిలేబీని విడువలేదు. రాత్రిభోజనము విడిచినాము గాని సూర్యాస్తమయమునకు పావుగంట ముందు రెండు పూటల తిండి ఒక్కసారి తినుట నేర్చినాము. సాధర్మిక వాత్సల్యములలో మోహన్‌థాళ్, లడ్డు, శ్రీఖండము, మీదుమిక్కిలి ఫర్సాణ్. "ఒక్కటి, ఒక్కటి, నా మీద ఒట్టు" అని బలవంతముగా విస్తరిలో వేయువారు తాము వాత్సల్యము చేయుచున్నామని తలంతురు. రోగి విస్తరిలో లడ్డు వేయుటలో వాత్సల్య మెక్కడిది? సంఘము పెద్దలు ఈ సంగతిని పంక్తికి ముందే ప్రకటించిన బాగుండును. ప్రభావనలో బతాసాకు బదులు ఒక బాదము గింజల పొట్లము, లేదా ఒక చిన్న పుస్తకము పంచినచో ప్రభావనకు లోపము రాదు.

ఆయంబిల్ విషయములో ఒక భ్రమ కలదు. అందు నెయ్యి లేదు, నూనె లేదు, బెల్లము లేదు, చక్కెర లేదు. కావున మధుమేహికి అది దివ్యౌషధమని చాలమంది నమ్ముచున్నారు. కాని విగయిలు పోయిన తరువాత విస్తరిలో మిగులునది ఎక్కువగా అన్నము, రొట్టె, ఇడ్లీ మొదలగు పిండిపదార్థములు. పిండి కడుపులో కరగి చక్కెరయే యగును. జొన్నరొట్టె మంచిదే గాని నాలుగు జొన్నరొట్టెలు మంచివి కావు. ఆయంబిల్ చేయదలచిన మధుమేహి పప్పుధాన్యములను ఎక్కువగాను, అన్నమును తక్కువగాను పెట్టుకొనవలెను. ఆయంబిల్‌లో కూడ ఊనోదరి యుండవలెను గదా.

పర్యుషణములు వచ్చినప్పుడు అసలు చిక్కు వచ్చును. ఇరువది యేండ్లుగా అఠ్ఠాయి చేయుచున్నవాడు, "ఈ ఏడు మాత్రము ఎట్లు మానుదును?" అనును. గురుమహారాజుగారికి రోగము చెప్పక, వైద్యునికి ఉపవాసము చెప్పక పచ్చక్ఖాణము తీసికొనును. ఇద్దరివద్దను సగము సగము దాచుట వలన ఇద్దరి సలహాయు వ్యర్థమగును. మాత్రలన్నియు ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటియే వాడువారికి ఉపవాసములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట అరుదు. గ్లిమిపిరైడు, గ్లిబెన్‌క్లమైడు వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు ఏమియు తినక అదే మోతాదు తీసికొనినచో ప్రమాదము నిశ్చయము. చక్కెరను మూత్రముద్వారా పంపివేయు డాపాగ్లిఫ్లోజిన్ వంటి క్రొత్త మాత్రలతో దీర్ఘ ఉపవాసము చేసిన రక్తము ఆమ్లమగు వేరొక అపాయము కలదు. నీరు కూడ విడుచు చౌవిహార ఉపవాసములో శరీరము ఎండి ఈ అపాయము పెరుగును. ఇవియన్నియు పర్యుషణములకు నెల ముందే వైద్యునితో మాటలాడవలసినవి. వైద్యుడు వలదన్నచో వలదు.

చేతులు వణకుట, చెమటలు పట్టుట, గుండె దడ, మాట తడబడుట, ఇవి చక్కెర 70 కంటె పడిపోవుచున్నదనుటకు గుర్తులు. అప్పుడు మూడు చెంచాల చక్కెరను గాని గ్లూకోజును గాని నీటితో పుచ్చుకొనవలెను. పదునైదు నిమిషములకు మరల పరీక్ష చేసికొనవలెను. "పచ్చక్ఖాణము భంగమగును గదా!" అని పండ్లు బిగించి పడిపోయినవారు కలరు. వారు పచ్చక్ఖాణ సూత్రమును వినియు అర్థము చూడలేదు. పోరిసి, ఏకాశనము, ఉపవాసము మొదలగు పచ్చక్ఖాణములలో ఆగారములు చెప్పబడినవి. ఆగారమనగా ముందే ఉంచిన వెసులుబాటు. అందు సర్వసమాధి ప్రత్యయ ఆగారము కలదు. తీవ్రరోగము పుట్టి ఆర్తధ్యానము కలిగినప్పుడు, సమాధి నిలుపుటకై ఔషధాదులు పుచ్చుకొనినను భంగము కాదని దాని తాత్పర్యము. ప్రతి సంవత్సరము వేలమంది తలలు వంచి వినుచున్న మాటయే యిది. వ్రతమును విధించిన మహానుభావులు మానవ శరీరము నెరిగియే విధించిరి. అఠ్ఠాయి చేయజాలనివాడు ఆ ఎనిమిది దినములు ప్రతిక్రమణము చేయవచ్చును, మౌనము పాటింపవచ్చును, లెక్కించిన ద్రవ్యములు మాత్రమే తినవచ్చును. తపస్సు పన్నెండు విధములు. అనశనము అందులో ఒకటి మాత్రమే. ఊరేగింపులో తపస్వుల బండి ఎక్కకపోవుటయే ఆ యేటి పెద్ద తపస్సు కావచ్చును. అది చిన్నది కాదు.

గనిలో రాత్రి షిఫ్టు చేయు శ్రావకునకు వేరొక కష్టము. ఇన్సులిన్ గాని, చక్కెరను త్రోసివేయు మాత్ర గాని సాయంకాలము తీసికొని, రాత్రిభోజన త్యాగమువలన ఏమియు తినక, తెల్లవారువరకు యంత్రముల నడుమ నుండుట తనకును ప్రక్కవానికిని అపాయము. ఇట్టివాడు తన షిఫ్టును వైద్యునికి చెప్పి మందు వేళలను మార్పించుకొనవలెను. గురువు ఆజ్ఞతో నియమమును తన శక్తికి తగినట్లు సరిచేసికొనవలెను. జేబులో గ్లూకోజు పొట్లముండవలెను.

పాదముల సంగతి ఒకటి మిగిలియున్నది. చాలకాలము చక్కెర ఎక్కువగా నున్నచో పాదములలో స్పర్శజ్ఞానము తగ్గును. ముల్లు గ్రుచ్చుకొన్నను, కాలినను తెలియదు. కుష్ఠు రోగులకు గూడ ఇదియే జరుగును. వారి పాదములను కాపాడుటలో వైద్యులు నేర్చిన పాఠములే నేడు మధుమేహుల పాదములకు ఉపయోగపడుచున్నవి. చంద్రపూరు ప్రాంతములో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుట ఆశ్చర్యము కాదు. అట్టి దినమున మధ్యాహ్నము భద్రావతి తీర్థములో రాతి మీద వట్టికాళ్ళతో ప్రదక్షిణము చేసి, సాయంకాలము మేజోడు విప్పిన తరువాత గాని బొబ్బను చూడనివారు ఉందురు. మధుమేహి తెల్లవారుజామున ప్రదక్షిణము ముగించుకొనవలెను. ఇంటికి రాగానే రెండు అరికాళ్ళను చూచుకొనవలెను. వంగలేనివాడు అద్దములో చూచుకొనవచ్చును, లేదా భార్యను చూడుమనవలెను. ప్రతిదినము పడిలేహణ చేయు సాధువులను చూచిన సమాజమునకు ఇది క్రొత్త పని కాదు.

ఇంటిలో ఒకరికి ఈ రోగము బయటపడినచో కుమారులు, కుమార్తెలు, తోబుట్టువులు కూడ పరీక్ష చేయించుకొనుట మంచిది. గడప మీద నున్న 531 మందితో చెన్నైలో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో ఆహారము మార్చి వ్యాయామము చేసినవారికి మూడేండ్లలో రోగము గడప దాటుట నూటికి 28 వంతులకు పైగా తగ్గెను. కావున మాజ్రిలోని ఆ గృహస్థుడు జేబులోని కాగితమును తీసి దీపము పెట్టువేళకు ఇంటిల్లిపాదికి చదివి వినిపింపవలెను. పెద్దకుమారుడు రేపు ఉదయము పరగడుపున రక్తమిచ్చుటకు పోవును. అతని రిపోర్టు వచ్చువరకు తండ్రియు కొడుకును ప్రక్కప్రక్కనే ఆసనములు పరచుకొని సామాయికమునకు కూర్చుండవచ్చును.